పొగ ఎక్కడ బయటికొస్తోంది?

ఇల్లు, బండి, కరెంటు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కరెంటు, గ్యాసు, పెట్రోలు ఖర్చు తగ్గించుకుంటే గాలికి కూడా మంచిదేనా, ఎంత మంచిది అని ఈసారి చాలామంది అడిగారు. ఎక్కువ ఉత్తరాలు నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచే. నేను కరెంటాఫీసులో అసిస్టెంట్ ఇంజినీరుగా చేసి రిటైరయిన వాణ్ణి. డాక్టర్ని కాదు కాబట్టి ఆయాసానికి మందు అడిగినవాళ్ళు డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. మిగిలిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇవీ జవాబులు.

ప్రశ్న: మాది నెల్లూరు. దసరాకి ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాను. మా బావది ముత్తుకూరు. పండక్కి వచ్చి బండి చుట్టూ ఒక రౌండు వేసి, "నీ పొగ నువ్వు పీల్చకుండా మా ఊరికి పంపించావు బామ్మర్దీ" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనకి ఏం చెప్పాలి సార్?

జవాబు: ముందు, మీ బావ మాట కొట్టిపారేసేది కాదని ఒప్పుకోండి. ముత్తుకూరు మండలంలోనే నేలటూరు ఉంది. అక్కడి దామోదరం సంజీవయ్య థర్మల్ స్టేషన్‌లో ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లు మూడు నడుస్తాయి. చుట్టుపక్కల ప్రైవేటు థర్మల్ ప్లాంట్లు కూడా ఉన్నాయి. బొగ్గు దిగడానికి కృష్ణపట్నం రేవు, చల్లబరచడానికి సముద్రపు నీళ్ళు రెండూ దగ్గర కాబట్టే అవన్నీ అక్కడ చేరాయి. బూడిదలో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళకి పైగా చిమ్నీదాకా పోకుండా ఈఎస్‌పీ అనే యంత్రాలు పట్టేస్తాయి, అవి సరిగ్గా పనిచేస్తున్నంతవరకూ. అవి పట్టలేనిది సల్ఫర్ డయాక్సైడ్. అది గాలిలో కలిశాక సన్నటి కణాలుగా మారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దానికి కేంద్రం 2015 డిసెంబరులో పరిమితులు పెట్టింది. గడువులు మాత్రం జరుగుతూ వచ్చాయి, 2025లో చాలా ప్లాంట్లకి మినహాయింపే ఇచ్చారు. ముత్తుకూరులో ఉన్నవాళ్ళు ఎగతాళిగా అన్నా నేను దాన్ని ఎగతాళిగా తీసుకోను.

ఇక లెక్క. మీ స్కూటర్ నూరు కిలోమీటర్లు తిరగడానికి, ఛార్జర్‌లో పోయేది కూడా కలుపుకుని, మూడు మూడున్నర యూనిట్లు కావాలి. మన దేశపు గ్రిడ్ మొత్తం మీద సగటున ఒక యూనిట్‌కి కార్బన్ డయాక్సైడ్ 700 గ్రాముల పైచిలుకు. అంటే నూరు కిలోమీటర్లకి రెండున్నర కిలోలు. అదే పెట్రోలు స్కూటరయితే రెండు లీటర్లు తాగుతుంది. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోలు, మొత్తం నాలుగున్నర దాటుతుంది. పోనీ మీ బావ అన్నట్టు మీ ప్లగ్గులోకి వచ్చేదంతా బొగ్గు కరెంటే అనుకుందాం. అప్పుడు యూనిట్‌కి కిలో వేసుకోండి. అప్పుడూ మూడున్నరే. పందెంలో ఆయనే ఓడతాడు, కాకపోతే మీరు చెప్పుకున్నంత తేడాతో కాదు.

ఇంకొకటి ఉంది. సాయంత్రం ఆరు గంటలకి విజయమహల్ గేటు అండర్‌బ్రిడ్జిలో బండ్లన్నీ ఆగిపోయినప్పుడు ముందు బండి సైలెన్సర్ మన ముక్కుకి రెండు గజాల్లో ఉంటుంది. వెనక స్కూలు పిల్లలు. అక్కడ ఒక్క సైలెన్సర్ తగ్గినా తేడానే. మీ బండి వల్ల నికరంగా లాభపడింది వాళ్ళు. నష్టం పూర్తిగా పోలేదు, తగ్గి ముత్తుకూరు వైపు జరిగింది. ఆ జరిగిన కాస్త కూడా లేకుండా చేసే దారి మీ ఇంట్లోనే ఉంది. రోజుకి 30 కిలోమీటర్లు తిరిగితే నెలకి మీ స్కూటర్ తీసుకునేది 30 యూనిట్ల చిల్లర. మీ ఇంట్లో పాత సీలింగ్ ఫ్యాన్లు ఉన్నాయా? ఒక్కోటి 75 వాట్లు లాగుతుంది. ఇప్పుడొచ్చే, తక్కువ కరెంటు లాగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను అదే గాలిని 30 వాట్లకి ఇస్తుంది. రోజుకి 12 గంటలు తిరిగే ఫ్యాన్లు రెండు మార్చారంటే నెలకి మిగిలేది 32 యూనిట్లు. స్కూటర్‌కి కావలసిన కరెంటు నేలటూరు నుంచి కొత్తగా తెప్పించనక్కర్లేదు, మీ హాల్లోనూ పడగ్గదిలోనూ వృథాగా పోతున్నదే సరిపోతుంది. మీ బావకి ఈ మాట చెప్పండి.

వీలైన రోజు ఛార్జింగు మధ్యాహ్నం పెట్టండి. ఆ వేళలో గ్రిడ్‌లోకి ఓర్వకల్లు, అనంతపురం వైపు నుంచి సోలార్ కరెంటు వస్తుంటుంది. సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఊరంతా లైట్లూ ఏసీలూ వేసే వేళ, సూర్యుడు ఉండడు, భారం ఎక్కువగా బొగ్గు మీదే.

ప్రశ్న: నెల్లూరు వేదాయపాలెంలో ఉంటాం. బిల్లు 260, 270 యూనిట్లు వస్తోంది. ఫోన్ ఛార్జర్ ప్లగ్గులో ఉంటే చాలు నేను పరిగెత్తుకెళ్ళి స్విచ్ ఆఫ్ చేస్తాను. మా అమ్మాయి నన్ను చూసి నవ్వుతుంది. అసలు ముందు ఏది తగ్గించాలి?

జవాబు: అమ్మా, మీ అమ్మాయి వైపే మొగ్గుతున్నాను. ఫోన్ లేకుండా ఊరికే ప్లగ్గులో ఉన్న ఛార్జర్ నెలంతా కలిపి పావు యూనిట్ కూడా తీసుకోదు. కానీ పరిగెత్తడం మానకండి, దిక్కు మార్చండి. టీవీ కింద ఉండే సెట్‌టాప్ బాక్సు మీద చెయ్యి పెట్టి చూడండి. టీవీ ఆపేసి గంటయినా వెచ్చగా ఉందంటే అది పదేసి వాట్లు తింటోందన్న మాట. రాత్రీ పగలూ కలిపితే నెలకి ఏడు యూనిట్లు. దాన్ని గోడ దగ్గర ఆఫ్ చేయండి.

ఏది ఎంత తింటోందో నా మాట నమ్మనక్కర్లేదు, మీ మీటరే చెబుతుంది. మీటరు మీద ఒక ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కన ఒక అంకె రాసి ఉంటుంది, చాలా మీటర్ల మీద 3200. అంటే ఆ లైటు 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్. ఒక ఆదివారం ఇంట్లో అన్నీ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసేసి, ఒక్క ఫ్యాన్ మాత్రం ఫుల్లు స్పీడులో పెట్టి గడియారం పట్టుకుని నిలబడండి. 3200 మీటరయితే పాత ఫ్యానుకి 15 సెకన్లకి ఒకసారి మిణుకుమంటుంది. బీఎల్‌డీసీకి 37, 38 సెకన్లు పడుతుంది. ఫ్రిజ్ కంప్రెసర్ నడుస్తున్నప్పుడు ఏడెనిమిది సెకన్లు. ఒకటిన్నర టన్ను ఏసీ వేసి చూడండి, సెకను కూడా ఆగదు. మీ అమ్మాయిని కూడా పక్కన నిలబెట్టుకోండి, ఫిజిక్సు పాఠం అయిపోతుంది. అన్నీ ఆపేశాక కూడా లైటు మిణుకుమంటూ ఉంటే వైరింగులో ఎక్కడో లీకేజీ ఉంది. అప్పుడు మాత్రం నవ్వకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

మీ శ్లాబు సంగతి. 2022లో వచ్చిన టారిఫ్‌లో 126 నుంచి 225 దాకా యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8 రూపాయల 75 పైసలు. మీరు దాటుతున్నది ఆ చివరి నలభై యూనిట్లు, ఖరీదైనవీ అవే. నాలుగు ఫ్యాన్లు మారిస్తే నెలకి అరవై యూనిట్లు తగ్గుతాయి, మీరు కింది శ్లాబులోకి దిగుతారు. ఒక్కసారే నాలుగూ కొనక్కర్లేదు. ఎక్కువ గంటలు తిరిగేది ముందు మార్చండి, పూజగదిలో పది నిమిషాలు తిరిగేదాన్ని అసలు ముట్టుకోవద్దు. కొనేటప్పుడు స్టార్ లేబుల్ చూడండి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి అది తప్పనిసరి.

ఏసీ గురించి మీరు అడగలేదు, ఉందో లేదో రాయలేదు. ఉంటే 24 కింద పెట్టకండి. ఒక్క డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క. మన దగ్గర బాధ వేడి ఒక్కటే కాదు, ఉక్కపోత. 26లో పెట్టి పైన ఫ్యాను చిన్నగా తిప్పితే, 20లో పెట్టి తెల్లారుజామున దుప్పటి కప్పుకోవడం కంటే హాయిగా నిద్ర పడుతుంది. రోహిణి కార్తెలో కూడా.

ప్రశ్న: ఒంగోలు నుంచి రాస్తున్నాను. గ్యాసు మానేసి ఇండక్షన్ స్టవ్‌కి మారితే గాలికి మంచిదని మా ఆఫీసులో ఒకరు చెప్పారు. ఇంట్లో అత్తయ్యగారేమో పెరట్లో కాగు కింద కొబ్బరి మట్టలే పెడతానంటారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇది పెద్ద ప్రశ్న తల్లీ. మీ ఆఫీసాయన చెప్పింది సగం నిజం.

సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాసు. అది పూర్తిగా కాలితే 42 కిలోలకు కాస్త పైగా కార్బన్ డయాక్సైడ్. అంతే వంట ఇండక్షన్ మీద చేయాలంటే ఇంచుమించు 130 యూనిట్లు కావాలి. మన గ్రిడ్ లెక్కన దానికి 90 కిలోలు దాటుతుంది. బొగ్గు మండించి ఆవిరి చేసి, ఆవిరితో టర్బైన్ తిప్పి, కరెంటు తీసి, తీగల్లో పంపి, మళ్ళీ మీ గిన్నెలో వేడి చేయడం అంటే దారిలోనే సగానికి పైగా పోతుంది. గ్యాసు నేరుగా మీ గిన్నె కిందే కాలుతుంది. కాబట్టి మీ ఇంటికి మామూలు గ్రిడ్ కరెంటే వస్తున్నంతకాలం, ఆకాశం లెక్కలో గ్యాసే నయం.

అయితే వంటింటి లెక్క వేరు. గ్యాసు మంట నుంచి కూడా నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి, తలుపులు మూసిన చిన్న వంటింట్లో పేరుకుంటాయి. ఇండక్షన్‌కి ఆ బాధ లేదు. మీ వంటిల్లు ఇరుకుగా ఉండి కిటికీ లేకపోతే, ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే, ఇండక్షన్ వైపు వెళ్ళండి. కిటికీ ఉంటే అది తెరవండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, గ్యాసుతోనే ఉండండి. మేడ మీద సోలార్ పెట్టించుకున్నవాళ్ళకి ఈ తర్కమంతా అక్కర్లేదు. పగటి వంట ఇండక్షన్ మీదే చేసుకోవచ్చు. కిలోవాట్ ప్యానెళ్ళు రోజుకి నాలుగు యూనిట్ల వరకు ఇస్తాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్లకి 60 వేలు, మూడు, ఆ పైన అయితే 78 వేల రూపాయలు సబ్సిడీ. దరఖాస్తు పోర్టల్‌లో పెట్టాలి. ఒంగోలు వాళ్ళకి డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) సీపీడీసీఎల్, నెల్లూరు వాళ్ళకి ఎస్పీడీసీఎల్. ఏజెంట్ చెప్పాడని మీ నీడ సంగతి మరిచిపోకండి. పక్కింటి మేడ నీడ మధ్యాహ్నం రెండింటికే ప్యానెల్ మీద పడితే ఏ సబ్సిడీ ఆ నష్టం పూడ్చదు.

గ్యాసులోనే ఎంతో మిగుల్చుకోవచ్చు. మా ఇంట్లో చేపల పులుసు పెట్టేటప్పుడు నేను స్టవ్ దగ్గర నిలబడతాను, అందుకు తిట్లు కూడా తింటాను. పులుసు ఒకసారి తెర్లిందంటే ఇక ఎంత మంట పెట్టినా అంతకన్నా వేడెక్కదు. నీళ్ళు నూరు డిగ్రీల దగ్గరే ఆగుతాయి. ఆ పైన పెట్టిన మంటంతా ఆవిరయి వంటింట్లోకి పోతుంది, చేప ముక్క కూడా విరుగుతుంది. తెర్లగానే సిమ్‌లో పెట్టాలి. మామిడికాయ ముక్కలకి కూడా అదే బాగుంటుంది. పులుసు రుచి ఎటూ మర్నాటికే వస్తుందని నెల్లూరు వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. కందిపప్పు అరగంట నానబెట్టి కుక్కర్‌లో పెట్టండి. గిన్నె అడుగు మసిబారుతోందంటే, మంట నీలంగా కాకుండా పసుపుగా వస్తోందంటే, బర్నర్ రంధ్రాలు మూసుకుపోయాయి. పిన్నీసుతో పొడిచి సబ్బునీళ్ళలో కడిగితే చాలు.

ఇక అత్తయ్యగారు. అన్నిటికన్నా చెడ్డ పొగ ఆ కాగు కిందే ఉంది. కట్టెలు, మట్టలు అరకొరగా కాలినప్పుడు వచ్చే సన్నటి మసి ఇంటి పక్కనే, ముక్కు ఎత్తులోనే తిరుగుతుంది. ఊదుగొట్టంతో ఊదేది కూడా ఆవిడే. రాష్ట్ర ప్రభుత్వ దీపం-2 పథకం కింద అర్హత ఉన్నవాళ్ళకి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వస్తున్నాయి. మీకుందేమో చూసుకోండి. "గ్యాసు నీళ్ళతో స్నానం చేసినట్టుండదు" అని ఆవిడ అంటే వాదించకండి. సోలార్ వాటర్ హీటర్ నీళ్ళకి ఆవిడ ఏ వంకా పెట్టలేరు.

ప్రశ్న: ఒంగోల్లో డీజిల్ షేర్ ఆటో తోలతాను. పొగ బాగా వస్తోందని ఎక్కినవాళ్ళు గొణుగుతున్నారు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది. మెకానిక్ "పాత బండి, అంతే" అంటున్నాడు. నిజమేనా అన్నా?

జవాబు: పాత బండి అనేది మెకానిక్‌కి సుఖమైన మాట తమ్ముడూ. మా నాన్న ఆవిరి ఇంజన్ల కాలంలో బిట్రగుంట లోకోషెడ్డులో ఫైర్‌మన్‌గా చేశారు. చిమ్నీలోంచి నల్లపొగ లేస్తే పక్కనున్న డ్రైవర్ పారతో కొట్టినంత పని చేసేవాడట. బొగ్గు ఎక్కువ వేశావు, గాలి తక్కువ వదిలావు, కాలని బొగ్గంతా ఆకాశంలోకి పోతోంది అని. నీ ఆటోకి కూడా అదే సూత్రం. నల్లపొగ అంటే నువ్వు డబ్బు పెట్టి కొన్న డీజిలు కాలకుండా బయటికి పోవడం.

ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడు. చీమకుర్తి రోడ్డు వైపు తిప్పుతుంటే గ్రానైట్ దుమ్ముతో అది నిండిపోయి ఉంటుంది. తర్వాత నాజిల్ టెస్ట్ చేయించు. డీజిల్ మంచులా చిమ్మాలి, చుక్కలుగా కారకూడదు. మూడోది, పికప్ కోసం ఎవరైనా పంపు స్క్రూ తిప్పి ఉంటే దాన్ని మళ్ళీ కంపెనీ సెట్టింగ్‌కి తెప్పించు. నాలుగోది నీకూ తెలుసు: ఎంతమందిని ఎక్కిస్తున్నావో. పొగ నీలంగా ఉంటే మాత్రం అది ఇంజనాయిల్ కాలడం, రింగులు అరిగాయి. దానికి ఫిల్టర్ మార్చి లాభం లేదు.

సర్టిఫికెట్ ఆ పూట యాక్సిలేటర్ తొక్కి చూసిన పరీక్షకే. ఆ తర్వాత నీ బండి ఏం చేస్తోందో దానికి తెలియదు. స్టాండులో జనం కోసం ఎదురుచూసేటప్పుడు ఇంజను ఆపెయ్. సెల్ఫ్ పనిచేయడం లేదని ఆపకుండా ఉంచేవాళ్ళు చాలామంది. బ్యాటరీ మార్చడానికి అయ్యే డబ్బు డీజిల్లోనే తిరిగొస్తుంది.

ప్రశ్న: కొండపి దగ్గర పల్లెటూరు మాది. రెండు పొగాకు బ్యారన్లున్నాయి (ఆకు క్యూరింగ్ చేసే, అంటే వేడితో ఎండబెట్టే గదులు). కట్టెల ఖర్చు భరించలేకపోతున్నాం, క్యూరింగ్ సీజన్లో ఊరంతా పొగ. మార్గమేమైనా ఉందా?

జవాబు: పొగాకు పండించేవాళ్ళకి పొగ గురించి చెప్పాలంటే నాకే కాస్త ఇబ్బందిగా ఉంది. అయినా అడిగారు.

కిలో ఆకు క్యూర్ అవడానికి నాలుగైదు కిలోల కట్టె పోతోంది. అందులో ఆకుని ఎండబెట్టేది కొంతే, మిగిలింది పైకప్పు నుంచి, గోడ సందుల్లోంచి, చిమ్నీలోంచి పోతోంది. చివర్లో ఈనె ఎండడానికి థర్మామీటర్ 160 ఫారెన్‌హీట్‌కి తెచ్చే రోజున, రాత్రిపూట బయటి నుంచి బ్యారన్ పైకప్పు అంచు కింద చెయ్యి పెట్టి, తలుపు అంచుల వెంట దీపం పెట్టి చూడండి. మంట ఎటు ఊగితే అక్కడ మీ కట్టెలు పోతున్నాయి. తలుపుకి గోనెపట్టా కుట్టించండి, పగుళ్ళు మెత్తండి. పైకప్పు కింద వరిగడ్డితోగానీ గ్లాసువూల్‌తోగానీ పొర వేస్తే వేడి నిలుస్తుంది. గడ్డి వేస్తే వేడి పొగ పోయే ఫ్లూ గొట్టాలకి దూరంగా ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. బ్యారన్ అంటుకున్న ఊళ్ళు మీకు తెలియనివి కావు.

అన్నిటికన్నా చవకైనది, కట్టె ముందే కొని ఎండబెట్టడం. పచ్చి కట్టెలో నీళ్ళు ఆవిరి చేయడానికే వేడి కొంత ఖర్చవుతుంది, పొగ కూడా దానికే ఎక్కువ. వేసవిలోనే తెచ్చి గాలి ఆడేలా పేర్చి పైన రేకు కప్పుకుంటే సీజన్ నాటికి ఎండి ఉంటుంది. కొలిమిలో ఒకేసారి దుంగలు కుక్కకుండా, కింద గ్రేటు పెట్టించి, కొంచెం కొంచెంగా వేయండి. పత్తి కట్టె, కంది కట్టెతో చేసిన బ్రికెట్లు దొరికితే కట్టెతో ధర పోల్చి చూడండి, చేలో తగలబెట్టేదానికన్నా అది మేలు.

ప్రశ్న: సముద్రం పక్కనున్న నెల్లూరు, ఒంగోలు గాలికి ఏమైందండీ? ఢిల్లీతో పాటు మన ఊళ్ళ పేర్లు కూడా గాలి పాడైన నగరాల జాబితాలో ఉన్నాయని మా కాలేజీలో చెప్పారు.

జవాబు: ఉన్నాయి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద మన రాష్ట్రంలో 13 నగరాలు ఉన్నాయి. నెల్లూరూ ఒంగోలూ రెండూ అందులోవే. కారణం ఢిల్లీ పొగమంచు లాంటిది కాదు, ప్రధానంగా దుమ్ము. పీఎం-10 అనే సన్నటి దుమ్ము కణాలకి ఏడాది సగటు ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు మించకూడదన్నది మన ప్రమాణం. రోడ్డు అంచున పేరుకున్న మట్టి, పట్టా కప్పని ఇసుక ట్రాక్టర్లు, గ్రానైట్ లారీలు, కట్టుబడి పనులు ఆ అంకెని పెంచుతాయి. పగటిపూట సముద్రపు గాలి కొంత ఊడ్చుకుపోతుంది, చలికాలం తెల్లవారుజామున గాలి కదలదు. ఆ వేళలోనే వీధి చివర చెత్త కుప్పకి నిప్పు పెడతారు.

ప్రశ్న: గీజర్ రాత్రంతా వేసి ఉంచితే తక్కువ కరెంటు అవుతుందంటున్నారు, నిజమా? (కావలి)

జవాబు: కాదు. చల్లారిన ప్రతిసారీ మళ్ళీ వేడెక్కుతుంది. స్నానానికి పావుగంట ముందు వేయండి, రెండు కిలోవాట్ల గీజర్‌కి అర యూనిట్. మార్చి నుంచి అసలు వేయకండి. కావలి ఎండకి మేడ మీద ట్యాంకులో నీళ్ళు సాయంత్రానికి చెయ్యి పెట్టలేనంత ఉంటాయి, తెల్లారేసరికి సరిగ్గా సరిపోతాయి.